చేతిలో రెండు స్మార్ట్ కీలు, కారు జాబితాలో సున్నా: ఒక కీ ప్రోగ్రామింగ్ కేసు పూర్తి వివరం

పుష్ బటన్ స్టార్ట్ ఉన్న ఏడేళ్ల నాటి హ్యాచ్‌బ్యాక్ ఒకటి టోయింగ్ బండి మీద నా దగ్గరికి వచ్చింది. యజమాని చేతిలో రెండు స్మార్ట్ కీలున్నాయి. ఒకటి కారుతో పాటు వచ్చిన అసలు కీ, రెండోది ఆయన కొత్తగా కొన్న ప్రత్యామ్నాయ కీ. ఏది దగ్గర పెట్టుకుని బటన్ నొక్కినా డ్యాష్‌బోర్డు మీద కీ కనబడలేదన్న హెచ్చరిక తప్ప మరేమీ రావడం లేదు. ముందురోజు ఉదయం దాకా అసలు కీతో కారు నిక్షేపంగా నడిచింది. కారుతో వచ్చిన రెండు కీలలో ఒకటి ప్రయాణంలో పోయిందని, దానికి బదులుగా ఇంకొకటి చేయించుకుందామని వేరే చోటికి వెళితే, నలభై నిమిషాల ప్రయత్నం తర్వాత కొత్తది పనిచేయకపోగా పాతది కూడా మూగబోయిందని ఆయన చెప్పారు. "ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది సార్" అన్నది ఆయన మాట. ఇలాంటి కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి గానీ, ఒకే కారులో ఇన్ని పాఠాలు కలిసి రావడం అరుదు కనుక దీన్ని మొదటి నుంచి చివరి దాకా రాసి పెడుతున్నాను.

కారు లోపలి కంప్యూటర్లను చదివే స్కానర్‌ను బయటకు తీయకముందే చేయవలసిన పని ఒకటుంది. కారు నిజంగా ఆయనదేనా అన్నది తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రం, గుర్తింపు కార్డు చూశాను. పత్రంలోని 17 అక్షరాల ఛాసిస్ నంబరును ముందు అద్దం కింద ఉన్న ఫలకంతోనూ, డోర్ పిల్లర్ మీది స్టిక్కర్‌తోనూ పోల్చాను. స్కానర్ కలిపాక ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్‌లో, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌లో, ఉన్న నంబరును కూడా చదివి నాలుగూ ఒకటేనని నిర్ధారించుకున్నాను. ఈ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్ల అక్షరాలు వాడరు. ఒకటి, సున్నాలతో పొరబడకుండా పెట్టిన నియమం అది. చేత్తో రాసుకున్న కాగితంలో ఆ అక్షరం కనిపిస్తే ఎవరో తప్పుగా ఎక్కించారనే అర్థం.

తర్వాతి అరగంట ప్రశ్నలతోనే గడిచింది, కేసు సగం తేలింది కూడా ఆ అరగంటలోనే. మొదటిచోట ఏం చేశారో యజమానికి సాంకేతికంగా తెలియదు, కానీ కళ్లతో చూసినది గుర్తుంది. కొత్త కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకున్నారు, మెషీన్ రెండుసార్లు మధ్యలో ఆగింది, మూడోసారి మొదలుపెట్టినప్పుడు డ్యాష్‌బోర్డు వెలుగు మసకబారింది. "అప్పుడు మీ పాత కీ ఎక్కడుందండీ?" అని అడిగాను. తన జేబులోనే ఉందని, తాను చెట్టు నీడన పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నానని ఆయన జవాబిచ్చారు. దాన్ని ఇమ్మని ఆయనను ఎవరూ అడగలేదు.

ఆ ఒక్క జవాబు ఎందుకు కీలకమైందో చెప్పాలంటే, కీ చేర్చడమనే పని కారు లోపల ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. కారు గుర్తుపట్టవలసిన కీల జాబితా ఒక కంట్రోల్ మాడ్యూల్‌లో ఉంటుంది. కొన్ని కార్లలో కొత్త కీ ఆ జాబితా చివర చేరుతుంది, పాతవి యథాతథంగా ఉంటాయి. మరికొన్నింటిలో, ఈ కారు ఆ కోవలోదే, రిజిస్ట్రేషన్ మొదలుపెట్టగానే జాబితా మొత్తం చెరిగిపోతుంది. ఆ తర్వాత పాతదైనా కొత్తదైనా ప్రతి కీనీ ఒకదాని వెంట ఒకటి చూపించాలి. చూపించని కీ ఇక ఆ కారుకు పరాయిదే. పోయిన కీ ఎవరికి దొరికినా పనికిరాకుండా చేయడానికి తయారీదారులు ఉద్దేశపూర్వకంగా పెట్టిన ఏర్పాటిది, మంచిదే. కానీ పనివాడికి ఆ సంగతి తెలియకపోతే, జేబులో ఉన్న మంచి కీ కూడా పోయిన కీల లెక్కలోకే చేరుతుంది.

కారు బ్యాటరీ వోల్టేజ్ కొలిచాను. ఏ లోడూ లేకుండా 11.7 వోల్టులుంది. నిండుగా చార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ లోడు లేనప్పుడు 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. కీ ఏదీ రిజిస్టరై లేనందున ఇగ్నిషన్ ఆన్ కాదు కాబట్టి, డోర్ తెరిచి ఉంచి, హజార్డ్ లైట్లు వేసి మాడ్యూళ్లను నిద్రపోకుండా చూసుకోవలసి వచ్చింది. ఆ కొద్దిపాటి లోడుకే వోల్టేజ్ 11.3కు దిగింది. ఇలాంటి బ్యాటరీతో మాడ్యూల్ మెమరీలో రాతపని మొదలుపెట్టడమంటే తెలిసి తెలిసి గోతిలో కాలు పెట్టడమే. రాత మధ్యలో వోల్టేజ్ కుంగితే సగం రాసిన డేటా మిగులుతుంది, అది కీ లేకపోవడం కంటే పెద్ద సమస్య. స్థిరమైన వోల్టేజ్ ఇచ్చే పవర్ సప్లై కలిపి 13.2 దగ్గర నిలిపాను. మామూలు చార్జర్ ఈ పనికి చాలదు, దాని వోల్టేజ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది.

అప్పుడు స్కానర్ కలిపాను. రిజిస్టరైన కీల సంఖ్య సున్నా అని చూపించింది. రిజిస్ట్రేషన్ అసంపూర్తిగా ముగిసిందన్న లోపపు కోడ్ ఒకటి, సప్లై వోల్టేజ్ తగ్గిందన్న కోడ్ ఒకటి నమోదై ఉన్నాయి. యజమాని చెప్పిన మసకబారిన డ్యాష్‌బోర్డు సంగతి దీనితో సరిపోయింది. మా పరిభాషలో ఇప్పుడిది ‘ఆల్ కీ లాస్ట్’ కేసు, అంటే కారు గుర్తుపట్టే కీ ఒక్కటీ మిగలని కేసు, చేతిలో రెండు కీలు కనబడుతున్నా సరే. కోడ్‌లు చెరపకుండా అలాగే ఉంచి, మాడ్యూల్‌లో చదవగలిగిన డేటానంతా చదివి కంప్యూటర్‌లో ఒక కాపీ దాచాను. ఈ అయిదు నిమిషాల పనిని విసుగనుకుని వదిలేసే వాళ్లున్నారు. రాత బెడిసికొట్టినప్పుడు వెనక్కి రావడానికి ఉన్న ఏకైక దారి ఆ కాపీయే.

ఇక కీల పరీక్ష. స్మార్ట్ కీ చూడటానికి ఒకే వస్తువైనా లోపల మూడు వేరువేరు పనులు చేస్తుంది, మూడింటినీ విడివిడిగా పరీక్షించకపోతే లోపం ఎక్కడుందో దొరకదు. మొదటిది మామూలు రిమోట్ పని. బటన్ నొక్కితే రేడియో సంకేతం వెళ్లి డోర్లు తెరుచుకుంటాయి. రెండోది జేబులో ఉండగానే పనిచేసే భాగం. డోర్ హ్యాండిళ్లలో, సీట్ల మధ్య, డిక్కీ దగ్గర ఉన్న యాంటెన్నాలు సుమారు 125 కిలోహెర్ట్జ్ తక్కువ పౌనఃపున్యంలో (ఫ్రీక్వెన్సీలో) కీని పలకరిస్తాయి. ఆ పలకరింపు హ్యాండిల్ నుంచి మీటరుకు అటూఇటూగా మాత్రమే చేరుతుంది. అది తన కారు పిలుపేనని కీ నిర్ధారించుకుని, కారు పంపిన ప్రశ్నకు రహస్య సంఖ్యతో లెక్కగట్టిన జవాబును ఎక్కువ పౌనఃపున్యంలో తిరిగి పంపుతుంది. మూడోది సెల్ పూర్తిగా చచ్చిపోయినా పనిచేసే ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్. కీని స్టార్ట్ బటన్‌కు ఆనిస్తే, అక్కడి కాయిల్ నుంచే కావలసిన కొద్దిపాటి విద్యుత్తును గుంజుకుని జవాబు చెబుతుంది.

అసలు కీలోని సెల్ తీసి కొలిస్తే 3.0 వోల్టులుంది. బటన్ నొక్కి ఫ్రీక్వెన్సీ మీటర్ దగ్గర పెడితే 433.92 మెగాహెర్ట్జ్ చూపించింది. ట్రాన్స్‌పాండర్ చదివితే అది ఒక కారుకు కట్టుబడి తాళం పడిన స్థితిలో ఉంది, అలాగే ఉండాలి కూడా. కీలో ఏ లోపమూ లేదు.

తర్వాత ప్రత్యామ్నాయ కీని మీటర్ దగ్గర పెట్టాను. 315 మెగాహెర్ట్జ్.

ఇక్కడ కేసు పూర్తిగా తేలిపోయింది. రెండు కీల పైడొప్పలు అచ్చుగుద్దినట్టున్నాయి, బటన్ల వరుస ఒకటే, లోపలి అత్యవసర బ్లేడు జారే గాడి కూడా ఒకటే. అమ్మేవారి ఫోటో చూసి తన కీతో పోల్చుకుని కొన్నానని యజమాని అన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఫోటోలో పౌనఃపున్యం కనబడదు. తయారీదారులు ఒకే మోడల్‌ను ఉత్తర అమెరికా, జపాన్ వంటి చోట్లకు 315లోనూ, యూరప్‌కూ మరెన్నో దేశాలకూ 433.92లోనూ పంపడం మామూలు. డొప్ప ఒకటే, లోపలి సర్క్యూట్ బోర్డు వేరు. కొనేటప్పుడు బోర్డు మీది పార్ట్ నంబరే నమ్మదగిన ఆధారం, దాన్ని చూడాలంటే కీ విప్పక తప్పదు.

మరి పౌనఃపున్యం సరిపోని కీని మెషీన్ మొదట్లోనే ఎందుకు తిరస్కరించలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ కీలోని ట్రాన్స్‌పాండర్ చిప్ తరం ఈ కారుకు సరిపోయింది. బటన్‌కు ఆనించినప్పుడు మొదటి మెట్టు తక్కువ పౌనఃపున్యంలోనే జరుగుతుంది గనుక కారు దాన్ని పలకరించి, సరేనని ముందుకు సాగింది. రెండో మెట్టులో జవాబు 433.92లో రావాలి. కీ 315లో అరుస్తోంది, కారు 433.92లో చెవి పెట్టి కూర్చుంది. గడువు ముగిసింది, రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. అప్పటికే పాత జాబితా చెరిగిపోయింది. పని చేసిన వ్యక్తి కారణం వెతకకుండా అదే ప్రక్రియను మూడుసార్లు నడిపారు, వోల్టేజ్ తగ్గుతున్నా గమనించలేదు. ఫ్రీక్వెన్సీ మీటర్ అరచేతిలో ఇమిడే చిన్న సాధనం, చూడటానికి పది సెకన్లు చాలు. ఆ పది సెకన్లు ముందు పెట్టి ఉంటే ఈ కారు నా దాకా వచ్చేది కాదు.

చిప్ తరం గురించి ఇక్కడే ఒక మాట. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ లేబొరేటరీస్ పరిశోధకులు అప్పట్లో విస్తృతంగా వాడుకలో ఉన్న, రహస్య సంఖ్య 40 బిట్ల పొడవున్న ట్రాన్స్‌పాండర్‌ను ఛేదించి చూపించారు. తర్వాతి చిప్‌లలో రహస్య సంఖ్య 80 బిట్లకు, ఆపైన ఏఈఎస్ అనే సంకేతీకరణ పద్ధతిలో 128 బిట్లకు పెరిగింది. అందుచేత ఒకే మోడల్ కారులో కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి వేరువేరు తరాల చిప్‌లు ఉండవచ్చు. మోడల్ పేరు చెప్పి కీ కొనడం, ఊరి పేరు చెప్పి ఇల్లు వెతకడం లాంటిదే.

అసలు కీని తిరిగి చేర్చడానికి పెద్ద అడ్డంకి లేదు. దానిలో దాగిన రహస్య సంఖ్య ఈ కారుదే, మాడ్యూల్‌లోనూ అదే ఉంది. చెరిగినది జాబితా మాత్రమే. వేరే కారుకు కట్టుబడిన కీ అయి ఉంటే ఇది కుదిరేది కాదు. ఛాసిస్ నంబరు, యాజమాన్య పత్రాలు చూపించి యజమాని తయారీదారు నుంచి కీలు చేర్చడానికి కావలసిన రహస్య పిన్ కోడ్ తెచ్చుకున్నారు, అందుకు ఒక రోజు పట్టింది. ఊహించి ప్రయత్నించే వ్యవహారం కాదిది. తప్పు పిన్ వరుసగా ఇస్తే మాడ్యూల్ కొంతసేపు ఎవరి మాటా వినకుండా తలుపులు మూసుకుంటుంది. సరైన పిన్ ఇచ్చాక కూడా ఈ కారు 10 నిమిషాలు వేచి ఉండమంది. దొంగ చేతిలో అంత తీరిక ఉండదన్న లెక్కతో పెట్టిన నిరీక్షణ అది. ఆ పది నిమిషాలూ కారులో ఎవరూ డోర్ తీసి వేయకుండా, పవర్ సప్లై క్లిప్పులు కదలకుండా చూడటం తప్ప చేసేదేమీ లేదు.

గడువు ముగిశాక అసలు కీని స్టార్ట్ బటన్‌కు ఆనించాను. బటన్ మీది కాషాయ రంగు దీపం రెప్పలు వేసి, ఒక్కసారి బీప్ మని, ఆకుపచ్చగా నిలిచింది. స్కానర్‌లో కీల సంఖ్య ఒకటి అయింది. స్టీరింగ్ లాక్ విడిపోయింది, బ్రేక్ నొక్కి బటన్ నొక్కితే ఇంజిన్ స్టార్టయింది. ఆ తర్వాతే పాత కోడ్‌లు చెరిపి, ఇంజిన్‌ను మూడుసార్లు ఆపి స్టార్ట్ చేసి, సెల్ తీసేసి ట్రాన్స్‌పాండర్‌తో ఒకసారి, సెల్ పెట్టి హ్యాండిల్ దగ్గర ఒకసారి పరీక్షించాను.

రెండో కీ విషయంలో మూడు దారులున్నాయని యజమానికి చెప్పాను. తయారీదారు సరఫరా చేసే కొత్త కీ అన్నిటికంటే నిశ్చింతగా పనిచేస్తుంది, ఖర్చు ఎక్కువ. వాడేసిన అసలు కీని కొనవచ్చు, కానీ అది పాత కారుకు తాళం పడి ఉంటుంది కనుక దాన్ని ప్రత్యేక సాధనంతో మళ్లీ కోరా స్థితికి తేవాలి, ప్రతి రకం బోర్డుకూ అది కుదరదు. మూడోది యూనివర్సల్ స్మార్ట్ కీ. దానిలో ఏ రకం బోర్డులా ప్రవర్తించాలో ముందు సాధనంతో రాసి, తర్వాత కారుకు పరిచయం చేయాలి. ఉన్న ఒకే కీ మీద రోజువారీ బండి నడిపేవారికి నేను మొదటి దారినే సూచిస్తాను. రోజువారీకి అసలు కీ ఉందని, ఇది అవసరానికి ఇంట్లో ఉంచడానికేనని చెప్పి ఆయన మూడోది ఎంచుకున్నారు. ఆ మాటలో తప్పు పట్టలేం.

యూనివర్సల్ కీలో 433.92 రకం బోర్డు వివరాలు రాసి, మీటర్ మీద పౌనఃపున్యం సరిచూసి, ఈసారి రెండు కీలనూ డ్యాష్‌బోర్డు మీద పక్కపక్కన పెట్టుకుని రిజిస్ట్రేషన్ మొదలుపెట్టాను. మొదట అసలుది, తర్వాత కొత్తది. కీల సంఖ్య రెండు. రిమోట్ బటన్లు పనిచేశాయి, సెల్ తీసినా బటన్‌కు ఆనిస్తే ఇంజిన్ స్టార్టయింది.

చాలామంది ఇక్కడితో కారు అప్పగించేస్తారు. నిజం చెప్పాలంటే, కొన్నేళ్ల క్రితం నేనూ అంతే. జేబులో పెట్టుకుని డోర్ హ్యాండిల్ పట్టుకుంటే మొదటిసారి తెరుచుకుంది, రెండోసారి తెరుచుకోలేదు. లోపం కారు వైపు ఉందా అన్న అనుమానం అసలు కీతోనే తీరింది, అది ప్రతిసారీ తెరిచింది. టేపు తీసుకుని నేల మీద గుర్తులు పెట్టి, ఒక్కో కీనీ పడుకోబెట్టి, నిలబెట్టి, పక్కకు తిప్పి, హ్యాండిల్ నుంచి ఎంత దూరం దాకా స్పందిస్తోందో కొలిచాను. అసలు కీ మూడు భంగిమల్లోనూ 80 సెంటీమీటర్లకు తగ్గలేదు. కొత్త కీ పడుకోబెడితే 80, నిలబెడితే 70, పక్కకు తిప్పితే 15 సెంటీమీటర్లు మాత్రమే.

జేబులో కీ ఏ దిక్కుకు తిరిగి ఉంటుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, తక్కువ పౌనఃపున్యపు పిలుపును వినడానికి కీలో మూడు దిక్కులకు మూడు కాయిళ్లు చుట్టి ఉంటాయి. చాలా బోర్డుల్లో మూడూ కలిసి ఒకే నల్లటి చదరపు బిళ్లలా కనిపిస్తాయి. ఒక్క దిక్కులోనే వినికిడి తగ్గిందంటే మూడింటిలో ఒక కాయిల్ అతుకు సరిగా లేదనే అర్థం. కీ విప్పి భూతద్దం కింద పెడితే, ఆ బిళ్ల మూల పిన్ను దగ్గర సీసం మెరవకుండా బూడిద రంగులో, చుట్టూ సన్నని గీతతో కనిపించింది. డ్రై సోల్డర్, అంటే సరిగా కరిగి అతుక్కోని అతుకు. పిన్నుతో మెల్లగా తాకితే వెంట్రుక వాసి కదిలింది. కొద్దిగా ఫ్లక్స్ వేసి, సన్నమొన సోల్డరింగ్ ఐరన్‌తో రెండు సెకన్లు తాకించగానే సీసం కరిగి పిన్ను చుట్టూ మెరుస్తూ పరుచుకుంది. తిరిగి కొలిస్తే పక్కకు తిప్పినప్పుడు కూడా 75 సెంటీమీటర్లు వచ్చింది. బోర్డు మీద వేడి పెట్టినందున రెండు రోజులు నా దగ్గరే ఉంచుకుని, రోజుకు పదిసార్లు పరీక్షించాకే అప్పగించాను.

తక్కువ దూరం పనిచేయడమే దొంగల దృష్ట్యా మేలు కదా అని యజమాని అడిగారు. ప్రశ్న తెలివైనదే. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు కారు పిలుపును రెండు యాంటెన్నాల సాయంతో దూరంగా ఉన్న కీ దాకా చేరవేసి, 8 తయారీ సంస్థలకు చెందిన 10 మోడళ్ల కార్లను తెరిచి స్టార్ట్ చేసి చూపించారు. అలా చేరవేసినప్పుడు కీ తన పక్కనే కారు ఉందనుకుంటుంది, కాబట్టి దాని వినికిడి తగ్గించడం రక్షణ కాదు. ఇంట్లో ఉంచే కీని మూత గట్టిగా పట్టే లోహపు డబ్బాలో పెట్టమని, ఆ డబ్బా మూసి కారు పక్కన నిలబడి డోర్ తెరుచుకోవడం లేదని ఒకసారి స్వయంగా చూసుకోమని చెప్పాను.

జాబితా చెరిగిపోవడం వల్ల అనుకోకుండా ఒక మేలు జరిగింది. ప్రయాణంలో పోయిన కీ ఇప్పుడు ఈ కారుకు ఏమీ కాదు. మొదటిచోటికి వెళ్లినప్పుడే ఆ పని అడిగి చేయించుకోవలసింది. అయితే పోయిన కీలో ఉన్న లోహపు బ్లేడు మాత్రం ఇప్పటికీ డ్రైవర్ డోర్‌ను తెరుస్తుంది, దాన్ని ఏ స్కానరూ చెరపలేదు. కారు స్టార్ట్ కాదు గనుక ఫరవాలేదని, విలువైన వస్తువులు మాత్రం లోపల వదలవద్దని చెప్పి, లాక్ సిలిండర్ మార్చడమా మానడమా అన్నది ఆయనకే వదిలేశాను. ఆయన మార్చలేదు.

అప్పగించే ముందు రెండు కీలూ ఖాళీగా ఉన్నప్పుడు లాగే కరెంటును కొలిచాను. అసలు కీ 9 మైక్రోఆంపియర్లు, యూనివర్సల్ కీ 50 మైక్రోఆంపియర్లు. సీఆర్ 2032 సెల్‌లో ఉండేది సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్ల సామర్థ్యం. లెక్క వేస్తే అసలు కీ ఖాళీగా ఉంటే రెండున్నరేళ్లు దాటి నడుస్తుంది, కొత్తది ఆరు నెలలు. ఈ లెక్కను కాగితం మీద రాసి, సెల్ మార్చవలసిన నెలను కూడా వేసి ఇచ్చాను. కారుకు దగ్గరగా తగిలించి ఉంచితే పిలుపు విన్నప్పుడల్లా కీ మేలుకుని సెల్ ఇంకా త్వరగా అయిపోతుందని కూడా చెప్పాను.

అయిదో నెల చివర్లో ఆయన ఫోన్ చేశారు. ఇంట్లోని కీ తీసుకుని బయలుదేరారట, బ్లేడుతో డోర్ తెరిచారు గానీ కారు కీ కనబడలేదంటోంది. మళ్లీ మొదటికొచ్చిందేమోనన్న కంగారు గొంతులో వినబడింది. కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి, బ్రేక్ మీద కాలు పెట్టి నొక్కమన్నాను. ఫోన్‌లోనే ఇంజిన్ శబ్దం వినిపించింది. సాయంత్రం వచ్చి సెల్ మార్పించుకున్నారు. పాత సెల్ 2.4 వోల్టులు చూపించింది. ఆ కీని ఇంట్లో గుమ్మం పక్కన, కారు నిలిపే చోటికి గోడకు ఇవతలే తగిలిస్తున్నామని అప్పుడు చెప్పారు.